కీడెంచి మేలెంచడం అంటే ఏమిటి?



రోగికి ఏం జరిగే అవకాశం ఉందో డాక్టరు గారు చెప్పబోతుంటే, పక్కన నిలబడిన పెద్దమ్మో మేనమామో అడ్డుపడి "అట్లాంటి మాటలు వద్దు సార్, మంచి మాట చెప్పండి" అనడం మన వార్డుల్లో తరచుగా జరుగుతుంది. ఒక్కోసారి అదే కుటుంబంలోని ఇంకో పెద్దాయన "కీడెంచి మేలెంచమన్నారు కదా, చెప్పనీయండి" అంటారు. ఇద్దరూ రోగి మీద ప్రేమతోనే మాట్లాడుతారు. కానీ ఆ ఇద్దరిలో ఎవరి మాట నెగ్గుతుందన్న దాని మీద అప్పుడప్పుడు రోగి ప్రాణమే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈసారి మందుల గురించి కాకుండా, మన పెద్దలు చెప్పిన ఈ ఒక్క సామెత గురించి రాస్తున్నాను.

మాటకు అర్థం

కీడు అంటే చెడు, హాని. మేలు అంటే మంచి. ఎంచడం అంటే లెక్కపెట్టడం, ఒక్కొక్కటిగా చూసుకోవడం. ఎంచుకోవడం, ఎంపిక, తప్పులెంచడం అనే మాటల్లో ఉన్నదీ ఇదే. "కీడెంచి" అంటే కీడును లెక్కలోకి తీసుకున్న తర్వాత అని అర్థం. అంటే ఈ సామెతలో రెండు పనులు ఉన్నాయి, వాటికి ఒక వరుస కూడా ఉంది. ముందు జరగగల చెడును లెక్క వేసుకోవాలి, దానికి తగిన ఏర్పాటు చేసుకోవాలి. ఆ తర్వాత మంచి జరుగుతుందని ఎదురుచూడాలి.

చాలామంది దీన్ని ఇంకో రెండు మాటలతో కలిపేస్తారు. మొదటిది కీడు కోరడం. అది పగవాడు చేసే పని. రెండవది కీడు శంకించడం. "మనసు కీడు శంకిస్తోంది" అంటాము చూడండి, అది భయం. భయపడే మనిషికి చేతులు ఆడవు, నిద్ర పట్టదు, ఏ పనీ తోచదు. కీడెంచడం ఈ రెండూ కాదు, అది లెక్క. ఇంట్లో బియ్యం ఎన్ని రోజులకు వస్తాయో లెక్క చూసుకున్నట్టే ఇదీ. లెక్క చూసుకున్నంత మాత్రాన బియ్యం తరిగిపోవు.

చెడు మాట నోట అంటే తథాస్తు దేవతలు విని అట్లాగే జరిపిస్తారని మన ఊళ్ళలో ఒక నమ్మకం ఉంది. అందుకే మనవాళ్ళు చెడును నేరుగా చెప్పకుండా పక్కనుంచి చెబుతారు. "జరగరానిది జరిగితే" అంటారు. ఇందులో "రాని" అంటే తగని, కూడని అని. జరగకూడనిది జరిగితే అన్నమాట. "అటూ ఇటూ అయితే" అంటారు, "ఏమన్నా అయితే" అంటారు. ఇవన్నీ చావు అనే మాటను నోట అనకుండా తప్పించుకునే దారులే.

ఇంకా తేలికైన మాట ఒకటుంది. "ఎందుకైనా మంచిది" అని రోజుకు పది సార్లు అంటుంటాము. ఎందుకైనా మంచిదని పెళ్ళిలో యాభై మందికి ఎక్కువ వండిస్తాము. ఎందుకైనా మంచిదని ప్రయాణంలో ఇంకో జత బట్టలు, కొంచెం డబ్బు విడిగా పెట్టుకుంటాము. కీడెంచడమంటే ఇదే. మన ఇంట్లో అందరికీ తెలిసిన అలవాటే ఇది. ఆసుపత్రి గడప దాటేసరికి మాత్రం అది అపశకునంలా వినిపిస్తుంది.

సేద్యం చేసేవారికి చెప్పాలా?

అనంతపురం దేశంలో అతి తక్కువ వానలు పడే ప్రాంతాల్లో ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. 2022లో ఉమ్మడి జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది గాని, ఆకాశం మాత్రం రెండు జిల్లాలకూ ఒకటే.

ఇక్కడి రైతు వేరుశనగ వేసేటప్పుడు సాళ్ళ మధ్య కంది కూడా వేస్తాడు. ఊడలు దిగే సమయంలో వాన మొహం చాటేస్తే వేరుశనగ పోతుంది. కంది వేరు లోతుకు పోతుంది కాబట్టి వెనక వచ్చే వానకైనా నాలుగు గింజలు ఇస్తుంది. అసలు పదునే ఆలస్యమైతే ఉలవలు చల్లుతాడు. కాయ ఒలుచుకున్నాక కట్టెను వామి వేసి పశువులకు దాస్తాడు. ఈ రైతును పట్టుకుని "నీవు పంట పోవాలని కోరుకుంటున్నావా?" అని ఎవరైనా అడుగుతారా? పంట పండాలనే కదా అతను విత్తనం వేసింది! బైబిలులో యోసేపు కథ మీకు తెలిసిందే. ఏడు సమృద్ధి సంవత్సరాల్లో ధాన్యం కూడబెట్టించాడు కాబట్టే తర్వాత వచ్చిన ఏడు కరువు సంవత్సరాల్లో జనం బ్రతికారు. పొలం దగ్గర మనకు ఇంత బాగా తెలిసిన విషయాన్ని రోగి మంచం దగ్గర కూడా గుర్తు పెట్టుకోవాలని నా మనవి.

ఆసుపత్రిలో మేము చేసేది ఇదే

పాము కాటు సంగతి తీసుకోండి. విషం లేని పాములే ఎక్కువ. విషమున్న పాము కరిచినా కొన్నిసార్లు విషం ఎక్కదు. అయినా పాము కరిచిందని వచ్చిన ప్రతి ఒక్కరినీ, విషం ఎక్కే ఉండవచ్చు అనుకునే చూస్తాము. పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాము. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టకుండా నీళ్ళలా కారిందంటే, రక్తపింజర వంటి పాము విషం రక్తంలోకి చేరిందని అర్థం. మొదటిసారి బాగున్నా మళ్ళీ మళ్ళీ పరీక్ష చేస్తాము. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపు నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. అందుకే 24 గంటలు కళ్ళెదుట ఉంచుకుంటాము.

విషం లేదని తేలి మరుసటి రోజు ఇంటికి పోయేటప్పుడు కొందరు "ఏమీ కాలేదు కదా సిస్టర్, ఊరికే ఒక రోజు పడుకోబెట్టారు" అంటారు. ఏమీ కాకపోవడమే మాకు కావలసింది. కానీ ఏమీ కాదని ముందే అనుకుని మంత్రం వేయించుకుని, గాటు కోయించుకుని, పసరు పూయించుకుని, ఊపిరి ఆడని స్థితిలో వచ్చేవారిని కూడా మేము చూస్తుంటాము. వారికీ వీరికీ ఉన్న తేడా అదృష్టం ఒక్కటే కాదు, మొదటి గంటలో ఏమనుకున్నారన్నది కూడా.

విషానికి విరుగుడు మందు ఎక్కించేటప్పుడు కూడా కీడెంచుతాము. ఆ మందు కొందరికి పడదు, దద్దుర్లు వచ్చి రక్తపోటు పడిపోవచ్చు. కాబట్టి అడ్రినలిన్ ఇంజెక్షన్ సిరంజిలో నింపి చేతికి అందేలా పెట్టుకున్నాకే విరుగుడు మందు మొదలుపెడతాము.

ఛాతీ నొప్పి కూడా ఇలాంటిదే. "గ్యాస్ అయి ఉంటుంది, సోడా తాగితే పోతుంది" అనేది మేలెంచడం. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కాని గుండెపోటు కాదని తెలుసుకున్న తర్వాతే గ్యాస్ అనుకోవాలి. ఛాతీ బిగబట్టినట్టుండి చెమటలు పోస్తే, నొప్పి ఎడమ చేతికి గాని దవడకు గాని పాకితే, ఆయాసం వస్తే వెంటనే ఇ.సి.జి. తీయించాలి. షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు.

కాన్పు దగ్గర కూడా అంతే. బిడ్డ పుట్టగానే ప్రతి తల్లికీ ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తాము. రక్తస్రావం ఏ తల్లికి ఎక్కువవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే అందరికీ ఇస్తాము.

ఆపరేషన్ థియేటర్లో ఇది లోకమంతటా ఒక పద్ధతిగా మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల పట్టిక ఒకటి తయారుచేసింది. కోత పెట్టక ముందే సర్జన్, మత్తు డాక్టరు, నర్సు ఒకరికొకరు గట్టిగా చెప్పుకోవాలి. రక్తం ఎంత పోవచ్చు? ఎక్కడ ఇబ్బంది రావచ్చు? ఏ మందు పడదు? ఈ పట్టికను ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో వాడి చూసి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ తర్వాత మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. చెడును నోటితో అనుకోవడం వల్ల చెడు పెరగలేదు, తగ్గింది.

సంతకం ఎందుకు అడుగుతారు?

"సంతకం పెట్టమంటున్నారంటే ప్రాణం మీదికి వచ్చినట్టే" అని చాలామంది వణికిపోతారు. కొందరు సంతకం పెట్టేవాళ్ళు ఊరి నుంచి రావాలని గంటల తరబడి ఆలస్యం చేస్తారు. దయచేసి ఇది గమనించండి. చిన్న ఆపరేషన్‌కైనా పెద్ద ఆపరేషన్‌కైనా సంతకం తీసుకుంటారు. ఆ కాగితంలో రాసిన కీడు మీ మనిషికి జరుగుతుందని కాదు, అలాంటిది జరిగే వీలుందని. వందలో ఒకరికి జరగవచ్చంటే, తొంభైతొమ్మిది మందికి జరగదని కూడా దాని అర్థం.

ఎంతవరకు చెప్పాలన్న దాని మీద 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చేయబోయే చికిత్స ఏమిటి, దాని వల్ల లాభమేమిటి, వేరే దారులు ఉన్నాయా, ముఖ్యమైన ప్రమాదాలు ఏమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అనేవి రోగికి అర్థమయ్యేలా చెప్పాలి. ఎక్కడో అరుదుగా జరిగేవన్నీ ఏకరువు పెట్టి భయపెట్టనక్కరలేదు. కీడెంచడానికి కూడా ఒక హద్దు ఉందని న్యాయస్థానమే చెప్పిందన్నమాట. ఇంకో మాట, మీరు సంతకం పెట్టినంత మాత్రాన నిర్లక్ష్యానికి ఆసుపత్రి బాధ్యత తప్పిపోదు. కాబట్టి చదవకుండా పెట్టకండి. చదవడం రాకపోతే "చదివి చెప్పండి సిస్టర్" అని అడగండి. అది మీ హక్కు.

మేము వాడే కొన్ని మాటలు

మా మాటలు కూడా మిమ్మల్ని తికమక పెడతాయని నాకు తెలుసు. కొన్నిటికి అర్థం చెబుతాను.

"అబ్జర్వేషన్‌లో ఉంచాము" అంటే రానున్న గంటల్లో మార్పు వచ్చే వీలుంది, దాన్ని వెంటనే పట్టుకోవడానికి గమనిస్తున్నాము అని.

"నిలకడగా ఉంది" అంటే బాగైపోయిందని కాదు. ఇప్పుడున్న స్థితి నుంచి దిగజారడం లేదని.

"సీరియస్‌గా ఉంది", "విషమంగా ఉంది" అంటే ప్రాణానికి ప్రమాదం ఉందని. ఆశ లేదని కాదు. రావలసినవారిని ఆలస్యం చేయకుండా పిలిపించుకోవాలని కూడా ఇందులో ఉంది.

"ఇప్పుడే ఏమీ చెప్పలేము" అంటే దాస్తున్నామని కాదు. మేలు, కీడు రెండూ ఇంకా సాధ్యమేనని.

ఈ మాటలు విన్నప్పుడు తల ఊపి ఊరుకోకండి. నాలుగు ప్రశ్నలు అడగండి.

1. జరగగల పెద్ద కీడు ఏమిటి?
2. అది వస్తున్నట్టు ఏ గుర్తుల వల్ల తెలుస్తుంది?
3. ఆ గుర్తు కనిపిస్తే మేము ఏం చేయాలి, ఎవరిని పిలవాలి?
4. ఎక్కువమందికి ఏం జరుగుతుంది? దేనికోసం ఆశ పెట్టుకోవచ్చు?

మొదటి మూడూ కీడెంచడం. నాలుగవది మేలెంచడం. ఇంటికి పంపే రోజు కూడా ఈ నాలుగూ అడిగి తెలుసుకుని వెళ్ళండి.

ఇంట్లో కీడెంచడం ఎలా?

ఇంట్లో గర్భవతి ఉంటే ఏడవ నెల రాగానే అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. రాత్రిపూట నొప్పులు వస్తే ఏ ఆసుపత్రికి? బండి ఎవరిది? అదే గ్రూపు రక్తం ఇవ్వగల ఇద్దరు ఎవరు? ఇంట్లో మగవారు లేని సమయంలో నిర్ణయం ఎవరు తీసుకోవాలి? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. భర్త బెంగళూరు పనికి పోయి ఉంటాడు, అత్త ఒక్కతే ఇంట్లో ఉంటుంది, కొడుకుకు ఫోను కలవలేదని కోడలిని తెల్లవారే దాకా ఉంచేస్తుంది. "నేను లేకపోయినా తీసుకుపో అమ్మా" అని ముందే ఒక మాట అనుకుని ఉంటే ఆ రాత్రి వృథా కాదు. రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం, విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకలు, ఫిట్స్, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే బయలుదేరాలి.

108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఆ ఫోనుకు గాని బండికి గాని డబ్బు ఇవ్వనక్కరలేదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాల్లో ఆరంభమైంది, వాటిలో మన అనంతపురం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. రేషన్ కార్డు, ఆధార్, పాత చీటీలు, వాడుతున్న మందులు ఒకే సంచిలో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. ఆ సంచి సిద్ధం చేసుకోవడం అపశకునం కాదు. కంది సాలు వంటిదే.

కుక్క కరిస్తే కూడా కీడే ముందు ఎంచాలి. "మన వీధి కుక్కే కదా" అనుకోకండి. పిచ్చికుక్క జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బ్రతకరు. లక్షణాలు రాకముందు మాత్రం పూర్తిగా ఆపవచ్చు. కరిచిన చోట సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. అన్ని మోతాదులూ పూర్తి చేయాలి.

రోగికి చెప్పాలా, వద్దా?

ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. "నాయనకు చెప్పద్దు సిస్టర్, తట్టుకోలేడు" అని కొడుకులు వరండాలో చెబుతారు. అదే నాయన రాత్రి పూట నర్సును పిలిచి "పిల్లోళ్ళకు చెప్పద్దమ్మా, నాకు తెలుసులే" అంటాడు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే బరువు మోస్తుంటారు. మాట్లాడుకోవలసిన రోజులు అట్లా గడిచిపోతాయి. పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడుందో, ఎవరికి ఎంత బాకీ ఉందో, చిన్న కూతురితో వచ్చిన మాట పట్టింపు ఎట్లా తీర్చుకోవాలో చెప్పుకోవాలని ఆ పెద్దాయనకు ఉంటుంది. చెప్పే సందు దొరకదు.

రోగి వినడానికి సిద్ధంగా లేకపోతే బలవంతంగా చెప్పనవసరం లేదు. "నీ జబ్బు గురించి నీకేమి తెలుసుకోవాలని ఉంది?" అని ఆయననే అడగండి. అడిగినంత వరకే చెప్పండి. అబద్ధం మాత్రం చెప్పకండి. ఎట్లా మొదలుపెట్టాలో తెలియకపోతే మమ్మల్ని పిలవండి, పక్కన కూర్చుంటాము. కీడు ఎంచుకున్న తర్వాత ఆయనకు మేలు ఏమీ మిగలదని అనుకోకండి. నొప్పి లేకుండా ఉండటం, ఇంటి వాకిట్లో మంచం వేసుకుని పడుకోవడం, మనవరాలి చేతి ముద్ద తినడం, ఇవన్నీ ఎంచదగిన మేలే.

సగంలో ఆగిపోకండి

కొందరు కీడు దగ్గరే ఆగిపోతారు. రోగి మంచం పక్కనే ఏడుస్తారు, ఫలానా వాళ్ళు ఇదే జబ్బుతో పోయారని కథలు చెబుతారు. అది కీడెంచడం కాదు, కీడు మోయడం. లెక్క చూసుకుని, ఏర్పాటు చేసుకున్నాక ఆ పుస్తకం మూసేయాలి. తర్వాత రోగి దగ్గర కూర్చుని అన్నం తినిపించాలి, ధైర్యం చెప్పాలి, ప్రార్థన చేసుకోవాలి. ఏర్పాటు చేసుకున్నవారి ధైర్యంలో బలం ఉంటుంది. అది రోగికి కూడా తెలుస్తుంది.

కాబట్టి ఈ వారంలో ఒక రోజు, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే, భోజనాల తర్వాత పది నిమిషాలు కూర్చోండి. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఎవరు ఏం చేయాలో అనుకోండి. ఫోను నెంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. చీటీల సంచి సర్దండి. ఆ సంచి ఏడాది పొడుగునా విప్పే పని పడకపోతే అంతకంటే ఏం కావాలి!